గాలి లేని రోజు

కిషన్‌బాగ్, హైదరాబాద్
2 మార్చి 2025, ఆదివారం

తమ్ముడు ఎల్లేష్‌కు,

నీ కొత్త ఫోన్ కూడా ఉప్పునీళ్లలో పడిపోయిందని, మళ్లీ బటన్ల ఫోన్ పట్టుకున్నావని మీ బావ చెప్పాడు. అది కూడా మీ సర్ఫింగ్ క్యాంపు వెనక గుట్ట ఎక్కితేనే మోగుతుందట. అందుకే ఈ ఉత్తరం. నిజం చెప్పాలంటే ఫోన్లో మనిద్దరం రెండు నిమిషాలు మాట్లాడితే మూడో నిమిషం లొల్లి మొదలవుతుంది. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు.

నిన్న రంజాన్ నెలవంక కనిపించింది. ఇవాళ మొదటి రోజా. పక్కింటి ఫర్హానా ఆపా పొద్దున్నే గోడ మీది నుంచి అమ్మను పిలిచి, "అమ్మా, షామ్ కో ఆనా, భూల్నా నక్కో" అంది, సాయంత్రం రావడం మరవొద్దని. అమ్మకు మోకాళ్లు లేవడం లేదు కానీ ఇఫ్తార్ పిలుపు వస్తే మాత్రం లేస్తాయి.

నా ఉద్యోగం ఏమిటో మన గల్లీలో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు. రెండు బస్సులు మారి ఊరు ఆ చివరికి పోవాలి. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని, సముద్రం రేపు ఎట్లా ఉంటుందో తెలుగులో రాయాలి. చేపలు పట్టేవాళ్లకు ఫోన్లలో వచ్చే నాలుగు వాక్యాలు నేను రాసినవే. మీ బావ అంటాడు, "మూసీ అవతల సముద్రమున్నట్టు చూస్తవేందే పొద్దంత!" అని. ఆటో నడిపే మనిషికి ట్రాఫిక్ తప్ప కెరటాలేం తెలుస్తాయి?

నువ్వు ఎప్పుడు మెసేజ్ పెట్టినా "ఎత్తు ఎంత అక్కా" అని ఒక్కటే అడుగుతావు. ఎత్తు ఒక్కటే చాలదు. ఒక కెరటానికీ ఇంకో కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లో చూడు. ఏడెనిమిది సెకన్లయితే దగ్గర్లో గాలి పుట్టించిన కెరటం, మొరగడమే గానీ కరవదు. పదహారు దాటితే అది ఎక్కడో దక్షిణాన, వేల కిలోమీటర్ల అవతల తుఫానులో పుట్టి ఐదారు రోజులు నడిచి వచ్చిందన్నమాట. అది వచ్చేటప్పటికి నీ దగ్గర గాలి ఉండదు. ఎండ కాస్తుంటుంది, నీళ్లు అద్దంలా ఉంటాయి. లోతులో ఉన్నంతసేపు పడవ కింద నుంచి పోయినా తెలియదు. మీ పగడపు దిబ్బ దగ్గర లోతు తగ్గగానే ఒక్కసారి లేస్తుంది. ఇంగ్లీషులో దీనికి ఒక మాట ఉంది. తెలుగులో ఏం రాయాలో తెలియక "సముద్రపు పొంగు" అని రాస్తే పాలపొంగులా అనిపించింది. ఇప్పుడు "దూరపు కెరటం" అని రాస్తున్నాను. మా సారు ఒప్పుకున్నాడు.

లెక్కలు ఎప్పటిలాగే మెసేజ్‌లో పంపిస్తాను. ఉత్తరం చేరేసరికి అవి పాచిపోతాయి.

అసలు సంగతి. ఈ నెల ఇరవై మూడున బాపు సంవత్సరీకం. పోయినప్పుడు నువ్వు అందలేదు, మూడో రోజుకు వచ్చావు. ఇది మాత్రం తప్పొద్దు. పోర్ట్‌బ్లెయిర్ ఓడ టికెట్ ఇప్పుడే తీసుకో.

నీ అక్క,
మహేశ్వరి


దీవి నుంచి
13 మార్చి

అక్కకు దండాలు.

నీ ఉత్తరం తొమ్మిది రోజుల్లోనే వచ్చింది. పోస్టుమాస్టరు ఆశ్చర్యపోయి నాకు చాయ్ తాగించాడు. నువ్వు రాసింది చదువుతుంటే స్కూల్లో పాఠం చెప్పినట్టుంది. అయినా మూడుసార్లు చదివాను.

నువ్వెప్పుడూ ఈ దిబ్బ చూడలేదు కదా, చెబుతాను విను. ఒడ్డు నుంచి డింగీలో ఇరవై నిమిషాలు. డింగీ అంటే మోటారు బిగించిన చిన్న పడవ. దిబ్బ నీళ్ల కింద అర్ధచంద్రంలా ఉంటుంది. ఎడమపక్క లోతైన దారి ఉంది, అక్కడ కెరటం విరగదు. ప్రకాశం అక్కడ లంగరు వేసి బీడీ కాలుస్తుంటాడు. మేము బోర్డుల మీద దిబ్బ దగ్గరికి ఈదుకుంటూ పోతాం. నేలగాలి వీస్తే కెరటం నిలబడి, అద్దం పగిలినట్టు వరుసగా విరుగుతుంది. సముద్రపు గాలి వీస్తే అంతా నురగ, ఆ రోజు సెలవు.

ప్రకాశం గురించి రాయాలి. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. ఇతను ఇక్కడే పుట్టాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు, ఇక్కడి బడిలో అంతా హిందీనే. జెట్టీ పని అయిపోయి, మా కాంట్రాక్టరు వెల్డర్లందరినీ వెనక్కి పంపేటప్పుడు నేను ఆగిపోయింది ఇతనివల్లే. నాకు ఈత నేర్పింది, కెరటం మీద నిలబడటం నేర్పింది ఇతనే. వాళ్లావిడ సుగుణమ్మ నాకు వారానికి రెండుసార్లు చేపల పులుసు పంపుతుంది. నీ లెక్కల సంగతి చెబితే నవ్వాడు. "ఏటి బావూ, మీ అప్ప అయిదరాబాదులో కూకోని మా సంద్రం సంగతి సెప్తాదేటి?" అన్నాడు. కానీ పోయిన నెల నువ్వు చెప్పిన రెండు రోజులు సరిగ్గా కలిశాయి. అప్పటినుంచి రోజూ పొద్దున మోటారు ఎక్కించేముందు "మీ అప్ప ఏటన్నాది?" అని అడుగుతున్నాడు. అడగకుండా తాడు విప్పడు.

టికెట్ చూస్తాను. తప్పకుండా వస్తాను. అమ్మకు చెప్పు.

ఇట్లు,
నీళ్ల మీద నిలబడటం పనిగా పెట్టుకున్న నీ తమ్ముడు
(బాపు అనేవాడు కదా)


కిషన్‌బాగ్
26 మార్చి

ఎల్లేష్,

నువ్వు రాలేదు.

అమ్మ ఆ రోజు పొద్దున ఐదింటికే తలస్నానం చేసి గడపలో కూర్చుంది. ఆటో చప్పుడైన ప్రతిసారి తల ఎత్తింది. పదకొండున్నరకు అయ్యగారు, "ఇంక సేపైతే మంచిగుండదమ్మా" అంటే మీ బావ నర్సింహ నీ చోట్లో కూర్చున్నాడు. అల్లుడు పిండం పెట్టాడు. నలుగురూ చూశారు. అమ్మ మాత్రం ఒక్కటే అన్నది: "వాడు రాకుంటే పాయె. కాకన్న వచ్చిందా?" కాకి వచ్చింది. నువ్వు రాలేదు.

సాయంత్రం నీ మెసేజ్ వచ్చింది, గాలి ఎక్కువై ఓడ ఆపేశారని. నేను ఏ ఉద్యోగం చేస్తున్నానో మరిచిపోయావా? మర్నాడు ఆఫీసులో చూశాను. ఆ వారం మొత్తం మీ దీవి చుట్టూ గాలి గంటకు పది కిలోమీటర్లు దాటలేదు. ఓడ కూడా టైముకే బయల్దేరింది. రాలేనని రాస్తే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. సముద్రాన్ని అడ్డం పెట్టుకుని నాకే అబద్ధం చెప్పావు.

ఇక నుంచి నేను లెక్కలు పంపను. నీకు కావాలంటే నువ్వే అడుగు.

మహేశ్వరి


దీవి నుంచి
5 ఏప్రిల్

అక్కా,

ఓడ ఆగలేదు. నేనే ఆగాను.

జెట్టీ దాకా వచ్చాను. సంచి, టికెట్ చేతిలో ఉన్నాయి. ఓడ కూత వేసింది. బాపు ఫోటో ముందు కూర్చుని అందరి మధ్యా నీళ్లు వదలాలి అనుకుంటే కాళ్లు రాలేదు. చివరిసారి ఫోన్లో బాపు ఏమన్నాడో నీకు చెప్పలేదు. "కంచన్‌బాగ్ కొలిమి కాడ ముప్పై ఏండ్లు ఉడికిన రా నేను. నువ్వు నీళ్ల మీద ఆడుకుంటున్నవు. నేను పోతే రాకు" అన్నాడు. కోపంలోనే అన్నాడు, నాకూ తెలుసు. కానీ అవే చివరి మాటలు. ఓడ పోయేదాకా నిలబడి వెనక్కి వచ్చాను. ఇది నీకు రాయడానికి సిగ్గేసి గాలి మీద పెట్టాను.

నువ్వు నలుగురూ ఏమనుకున్నారో అని బాధపడుతున్నావు. నాకు నలుగురితో పని లేదు.

లెక్కలు పంపకపోతే పంపకు. నీ లెక్కలు లేనప్పుడూ ఈ సముద్రం ఉంది. ప్రకాశం కళ్లు చాలు నాకు.

ఎల్లేష్


దీవి నుంచి
19 ఏప్రిల్

అక్కకు,

పదిహేనో తారీఖు జెట్టీ నుంచి ఫోన్ చేస్తే మధ్యలో తెగిపోయింది. నువ్వు ఎంతవరకు విన్నావో తెలియదు.

సోమవారం, పద్నాలుగున, ప్రకాశం పోయాడు. బెంగళూరు నుంచి ఇద్దరు వచ్చారు, భార్యాభర్తలు. పొద్దున ఏడింటికి బయల్దేరాం. గాలి అసలు లేదు. నీళ్లు నూనె పోసినట్టున్నాయి. గంటసేపు మామూలుగానే ఉంది. తర్వాత వరుసగా ఐదారు కెరటాలు వచ్చాయి, నేను ఇక్కడ ఎన్నడూ చూడనంతవి. ఎప్పుడూ విరగని ఆ లోతు దారిలో కూడా విరిగాయి. డింగీ లంగరు తాడుతో సహా తిరగబడింది. ప్రకాశం తల దిబ్బకు తగిలింది. బెంగళూరు వాళ్లకు ఏమీ కాలేదు. నాకు పగడాలు కోసుకుని వీపంతా చీరుకుపోయింది, కుట్లు వేశారు.

నీ మెసేజ్ పదిహేనో తారీఖు జెట్టీకి పోయినప్పుడు వచ్చింది. "పద్దెనిమిది సెకన్లు, పద్నాలుగు, పదిహేను తారీఖుల్లో దిబ్బ మీదికి పోకు, గాలి ఉండదు, నమ్మకు" అని. అప్పటికే అతన్ని ఒడ్డున పడుకోబెట్టాం.

సుగుణమ్మ ఏడవడం లేదు. డింగీ బోర్లా పడి ఉంటే దాని పక్కన కూర్చుంటోంది.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

ఎల్లేష్


కిషన్‌బాగ్
2 మే

తమ్మీ,

నీ ఐదో తారీఖు ఉత్తరం, పంతొమ్మిదో తారీఖు ఉత్తరం రెండూ ఒకేరోజు అందాయి. తేదీలు చూడకుండా మొదట ఐదోది విప్పాను. "ప్రకాశం కళ్లు చాలు నాకు" అన్నచోట ఆగి, రెండోది విప్పాను.

ఇప్పుడు నేను రాసేది కూర్చుని చదువు.

ఆ కెరటం సంగతి నాకు పదో తారీఖు గురువారమే తెలుసు. దక్షిణాన తుఫాను, పద్దెనిమిది సెకన్ల వ్యవధి, మీ దీవికి పద్నాలుగున చేరుతుందని తెర మీద కనిపించింది. మా ఆఫీసు హెచ్చరిక పన్నెండున మీ జెట్టీ బోర్డు మీద పడింది. కానీ జెట్టీ మీ క్యాంపుకు పదహారు కిలోమీటర్ల దూరం, నువ్వు వారానికోసారి పోతావు. నీకు నేను చెబితేనే తెలుస్తుంది. ఆ సంగతీ నాకు తెలుసు.

గురువారం ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. "వాడే అడగనీ" అనుకుని పక్కన పెట్టాను. శుక్రవారం బస్సులో మళ్లీ తీశాను. గడపలో అమ్మ కూర్చున్నది గుర్తొచ్చింది. పెట్టేశాను. శనివారమూ అంతే. ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే ముద్ద దిగలేదు. చేయి కడుక్కోకుండానే మెసేజ్ పెట్టాను. మూడు రోజులు ఆలస్యం. గురువారమే పెట్టి ఉంటే నువ్వు ఎప్పుడో ఒకసారి గుట్ట ఎక్కేవాడివి, చూసేవాడివి. ప్రకాశం తాడు విప్పేముందు అడిగేవాడు. నువ్వు చెప్పేవాడివి.

నా కోపం ఒక మనిషిని తీసుకుంది. మీ బావ, "నీకు పిచ్చి లేసిందా, సముద్రం నీ మాట వింటదా?" అంటాడు. సముద్రం వినదు, మనుషులు వినేవాళ్లు.

పోయిన సోమవారం నుంచి ఆఫీసుకు పోవడం లేదు. చివరిసారి పోయి కూర్చున్నాను. "కెరటాల ఎత్తు" అని రాశాను, తర్వాత మాట రాలేదు. మా సారు మంచివాడు, సెలవు పెట్టుకోమన్నాడు. కాంట్రాక్టు మనిషికి సెలవేముంటుంది? మానేస్తున్నానని రాసిచ్చాను.

సుగుణమ్మకు పిల్లలున్నారా? ఎట్లా ఉంది? నీ వీపు మానిందా? రాయి.

మహేశ్వరక్క


దీవి నుంచి
18 మే

అక్కా,

నీ తప్పేమీ లేదు. అట్లా అనుకోకు. ఉద్యోగం మానొద్దు. వీపు మానింది. సుగుణమ్మకు ఒక కూతురు, పేరు స్రవ్య, పోర్ట్‌బ్లెయిర్‌లో నర్సింగ్ చదువుతోంది. వాన మొదలైంది. క్యాంపు మూసేశాం. నేను జెట్టీ దగ్గర వెల్డింగ్ పనికి పోతున్నాను.

ఆ రోజు గురించి ఇక రాయకు.

ఎల్లేష్


కిషన్‌బాగ్
12 జూన్

తమ్మీ,

నీ ఉత్తరం తొమ్మిది వాక్యాలుంది. లెక్కపెట్టాను. నీ తప్పేమీ లేదని రాసినవాడివి, ఎందుకు లేదో రాయలేదు. ఇక రాయకు అన్నావు. నాకు అర్థమైంది. మనసులో నన్నే అంటున్నావు, పైకి అనలేకపోతున్నావు. నీ చోట్లో నేనున్నా అంతే చేసేదాన్ని.

ఇక్కడ తొలకరి పడింది. గల్లీలో మోకాళ్ల లోతు నీళ్లు. అమ్మ మంచం మీద కూర్చుని, "ఆ పిల్లగాడు బాగున్నడా?" అని ప్రకాశం గురించి అడుగుతుంది. నీ ఉత్తరంలో అతని గురించి చదివి వినిపించాను కదా, అప్పటినుంచి అతనంటే ఇష్టం. పోయాడని నేను చెప్పలేదు. బాగున్నాడనే చెబుతున్నాను.

ఇంట్లో కూర్చుంటే బుర్ర పనిచేయడం మానేసింది. మొన్న పొద్దున ఫర్హానా ఆపా వచ్చి చేయి పట్టుకుని, "క్యా హువా బోల్ దే, దిల్ హల్కా హోతా" అంది, ఏమైందో చెబితే మనసు తేలికవుతుందని. ఆమెకు మొత్తం చెప్పాను. విని, "జిస్కా నుక్సాన్ హువా, ఉస్కో బోల్నా. మేరేకు బోల్కే క్యా ఫాయిదా?" అంది.

నిజమే. నష్టపోయిన మనిషికి చెప్పకుండా గోడ పక్కన మనిషికి చెప్పి ఏం లాభం? అందుకే సుగుణమ్మకు నిన్న స్పీడ్‌పోస్టులో ఉత్తరం పంపాను. పదో తారీఖు నుంచి పదమూడు దాకా నేను చేసింది అంతా రాశాను. ఏదీ దాచలేదు. ఆమె నన్ను తిట్టినా, పోలీసులకు చెప్పినా సరే. నువ్వు అడ్డం పడతావని నీకు ముందు చెప్పలేదు.

అమ్మ పిలుస్తోంది.

మహేశ్వరి


దీవి నుంచి
3 జూలై

అక్కా,

నువ్వు సుగుణమ్మకు రాసిన ఉత్తరం పోయిన శనివారం వచ్చింది. ఆమెకు చదవడం రాదు. చుట్టుపక్కల తెలుగు చదివే మనిషిని నేనొక్కణ్నే. దాన్ని కొంగులో చుట్టుకుని వానలో నా గది దగ్గరికి వచ్చింది. "మీ అప్ప రాసినాదట, సదువు బావూ" అంది.

కవరు మీద నీ చేతిరాత చూడగానే లోపల ఏముందో తెలిసిపోయింది. నీ పన్నెండో తారీఖు ఉత్తరం నాకు ముందురోజే అందింది. కళ్లజోడు లేదనో ఇంకేదో చెప్పి తప్పించుకోవచ్చు. "ఓదార్పు రాసింది, ధైర్యంగా ఉండమంది" అని రెండు మాటలు కల్పించి చెప్పినా ఆమె నమ్మేది. ఆమె గుమ్మంలో కూర్చుంది. పాదాల చుట్టూ నీళ్లు కారుతున్నాయి.

చదవడం మొదలుపెట్టాను. "అమ్మా, మీరు నన్ను చూడలేదు, మీ ఇంటి దీపం నా కోపం వల్ల ఆరింది" అన్నదాకా ఆగకుండా చదివాను. పదో తారీఖు చదివాను. పదకొండు చదివాను. "మూడు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని పంపలేదు" అన్న దగ్గరికి వచ్చాను. నువ్వు అన్నం చేయి కడుక్కోకుండా మెసేజ్ పెట్టానని రాశావు. అక్కడ ఆగిపోయాను.

"సదువు" అంది.

"ఇది అబద్ధమమ్మా" అన్నాను.

"మీ అప్ప అబద్దం రాసినాదా?"

"ఆమె రాసింది నిజమే. ఆమెకు తెలిసిందే అబద్ధం. నేను చెప్పిన అబద్ధం."

అక్కా, నీకు కూడా ఇక్కడే చెబుతున్నాను. నీ మెసేజ్ పదిహేనున రాలేదు. పదమూడున, ఆదివారం సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే వచ్చింది. నేను గుట్ట మీదే ఉన్నాను. రెండుసార్లు చదివాను. పద్దెనిమిది సెకన్లు అని రాశావు. నువ్వు మార్చిలో చెప్పిన పాఠం మొత్తం గుర్తొచ్చింది.

అది చదివి నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. ఐదేళ్లుగా ఈ దిబ్బ మీద అట్లాంటి కెరటం కోసం చూస్తున్నాను. గాలి లేని రోజు, దూరపు కెరటం. నువ్వు పోవద్దని రాశావు, నాకు మాత్రం అది పిలుపులా కనిపించింది.

పొద్దున ప్రకాశం తాడు పట్టుకుని ఎప్పటిలాగే అడిగాడు, "మీ అప్ప ఏటన్నాది?" అని. నువ్వు కోపంతో పంపడం లేదని అతనికి తెలుసు. అయినా అడిగాడు. చెబితే అతను డింగీ కదపడు. నేను, "ఏమీ రాలేదు" అన్నాను. అతను ఆకాశం చూశాడు, నీళ్లు చూశాడు. "గాలి లేదు గదా, యెల్దాం" అన్నాడు.

ఆ వరుస వచ్చినప్పుడు మూడో కెరటం నేను పట్టుకున్నాను. దాని మీద నిలబడ్డాను. వెనక డింగీ లేచి తిరగబడుతుంటే బెంగళూరు ఆమె అరిచిందట. నేను వినలేదు. దిబ్బ చివరిదాకా పోయాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ నిలబడలేదు. తిరిగి చూసేసరికి డింగీ బోర్లా ఉంది. వీపు చీరుకుపోయింది కెరటం కొట్టి కాదు, అతని కోసం దిబ్బ మీదుగా ఈదినప్పుడు. అప్పటికే ఆలస్యమైంది.

ఇదంతా సుగుణమ్మకు చెప్పాను. మధ్యలో ఆమె ఒక్కసారే నోరు విప్పింది.

"మావోడు అడిగినాడా?"

"అడిగాడు."

"నువ్వు రానేదని సెప్పినావు."

"చెప్పాను."

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. లేచి, నా చేతిలోంచి నీ ఉత్తరం తీసుకుని మళ్లీ కొంగులో చుట్టుకుంది. "నువ్వు పెతీ వారం నా పులుసు తిన్నావు. ఈ రెండు నెల్లు కూడా తిన్నావు" అంది. అదొక్కటే అంది. మరునాడు పొద్దున వచ్చి గుమ్మం బయటే నిలబడి, "పద, ఠాణాలో సెప్పు" అంది. వెళ్లాం. ఏప్రిల్‌లో నేను ఇచ్చిన వాంగ్మూలం పక్కన పెట్టి కొత్తది రాసుకున్నారు. కేసు ఏమవుతుందో ఇంకా చెప్పలేదు. దీవి దాటొద్దన్నారు. స్రవ్య వచ్చింది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

నీకెందుకు చెప్పలేదో కూడా రాయాలి. మొదటి రోజు పోలీసుల భయం. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, తప్పంతా నువ్వే నెత్తిన పెట్టుకున్నావు. అది చదివి నాకు ఊపిరి ఆడింది. అవును అక్కా, హాయిగా అనిపించింది. నువ్వు ఉద్యోగం మానేశావని చదివి కూడా నోరు మూసుకున్నాను. మొత్తం రాయబోయి, తొమ్మిది వాక్యాల్లో ఆపేశాను.

క్షమించమని అడగను. నీకు తెలియాలని రాశాను.

ఎల్లేష్


కిషన్‌బాగ్
17 జూలై

ఎల్లేష్‌కు,

నీ ఉత్తరం బోనాల హడావుడిలో వచ్చింది. గల్లీ మొత్తం డప్పులు. అమ్మకు వినిపించకుండా వంటింట్లో నిలబడి చదివాను. పొయ్యి మీద అన్నం మాడింది. మీ బావ వచ్చి చూసి, కాగితాలు తీసుకుని తనూ చదివాడు. ఆటో తీసుకుని పోయి, చీకటి పడ్డాక వచ్చాడు. నీ చోట్లో కూర్చుని బాపుకు పిండం పెట్టిన మనిషి, అతనికీ ఏదో తెగినట్టుంది.

క్షమించానని రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది, మన మధ్య అవి చాలా అయ్యాయి. రెండు నెలలు నేను అద్దంలో ముఖం చూసుకోలేదు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుంటే ఆ ఆదివారం గుర్తొచ్చేది. నువ్వు అక్కడ ఊపిరి పీల్చుకున్నావు. ఇంకో సంగతి కూడా నిజమే రాస్తాను. నీ ఉత్తరం చదివాక నాకూ ఒక క్షణం హాయిగా అనిపించింది, నా వల్ల కాదు అని. ఆ తర్వాతే నీ ముఖం కళ్లముందుకు వచ్చింది. మనం ఒకే తల్లి పిల్లలం.

కానీ నా మూడు రోజులు నావే. గురువారమే చెప్పి ఉంటే నువ్వు ఏం చేసేవాడివో ఇద్దరికీ తెలియదు. మెసేజ్ నీ చేతికి అందినంత మాత్రాన ఆ మూడు రోజులు పోవు.

ఆఫీసుకు పోయి అడిగాను. నా చోట్లో ఇంకొకమ్మాయి చేరింది, అలేఖ్య అని, విజయవాడ పిల్ల. "దూరపు కెరటం" అనే మాటే వాడుతోంది. తెలియనివాళ్ల కోసం కింద ఒక వాక్యం చేర్చమని చెప్పి వచ్చాను: గాలి లేకపోయినా నమ్మొద్దని. రాసుకుంది. బస్టాపు దాకా వచ్చి, "మళ్లీ ఎప్పుడొస్తారు మేడమ్" అని అడిగింది. రానని చెప్పాను.

అమ్మకు నిన్న చెప్పాను, ప్రకాశం లేడని. ఎట్లా పోయాడో చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి, కేసు తేలి నిన్ను వదిలినరోజు, ఎదురుగా కూర్చుని. అమ్మ ఉండగానే రా. అప్పటిదాకా అమ్మ అడిగిన ప్రతిసారీ నేను నిన్ను కాపాడుతూ కూర్చోను.

నాకు జవాబు రాయొద్దు. కొన్నాళ్లు రాయొద్దు.

ఈ కవరులో మడతపెట్టిన ఇంకో కాగితం ఉంది. అది నీకు కాదు, సుగుణమ్మకు. మొదటి ఉత్తరంలో ఆమెకు నేను తెలియక చెప్పిన అబద్ధానికి క్షమాపణగానూ, నిన్ను పెంచిన ఇంటి తరఫునా రాశాను. ఆమెను నీ గదికి పిలిపించుకోకు. నువ్వే ఆమె ఇంటికి పో. రమ్మంటే లోపలికి పో, రమ్మనకపోతే వాకిట్లో నిలబడు. నీ గురించి అందులో నేను రాసినవి నీకు వినబుద్ధి కావు. అయినా ఆమెకు చదివి వినిపించేది నువ్వే.

ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు.

మహేశ్వరి